డీటీఎఫ్ సెటప్‌లో ఏది ఎంచుకోవాలి: పౌడర్, పొగ, తొడుక్కునేవాళ్ల చర్మం

డీటీఎఫ్ అంటే డైరెక్ట్ టు ఫిల్మ్: బొమ్మను ముందు ఫిల్మ్ మీద ప్రింట్ చేసి, దాని మీద జిగురు పౌడర్ చల్లి, ఓవెన్‌లో కరిగించి, ఆ తర్వాత వేడి ప్రెస్‌తో బట్టకు అంటించే పద్ధతి. ఇది పెట్టుకునేవాళ్లు ముందు చూసేది ప్రింట్ వెడల్పు, ఇంకు చిమ్మే హెడ్‌లు ఎన్ని, గంటకు ఎన్ని మీటర్లు అనేవే. ఆ గదిలో రోజంతా నిలబడే మనిషి ఏం పీలుస్తాడు, ఆ బట్ట తొడిగిన పసిబిడ్డ ఒంటికి ఏం తగులుతుంది అనే ప్రశ్నలు మెషీన్ దిగి, మొదటిరోజు గది నిండా తెల్లటి పొగ కమ్ముకున్నాక గానీ రావు. అప్పటికి మార్చుకోగలిగేది తక్కువ. అందుకే కొనకముందే తేల్చుకోవాల్సినవి ఇక్కడ చెబుతున్నాం.

ఈ పనిలో ప్రమాదం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ప్రింటర్ దగ్గర తక్కువ. ఇంకుల్లో ఉండేది పిగ్మెంట్, నీళ్లు, గ్లిజరిన్, గ్లైకాల్‌లు, కొంత రెజిన్. గది వేడికి ఇవి గాల్లోకి పెద్దగా లేవవు. ప్రెస్ దగ్గర చెయ్యి కాలడం, నలగడం మీద జాగ్రత్త కావాలి గానీ గాలి సమస్య కొంచెమే. అసలు చిక్కంతా మధ్యలో ఉంది. తడి ప్రింట్ మీద పౌడర్ చల్లేటప్పుడు దుమ్ము, దాన్ని కరిగించేటప్పుడు పొగ. ఈ రెండు పనులూ మీ గదిలో జరగాలా, జరిగితే ఎలా జరగాలి అన్నదే మొదటి ఎంపిక. ఏ మాస్క్ కొనాలి అన్నది చిట్టచివరిది. చాలామంది దాన్ని మొదట పెట్టుకుంటారు.

ఆ పొగ ఏమిటి

సరైన వేడిలో వచ్చే తెల్లటి పొగ కాలిన ప్లాస్టిక్ కాదు. ఇంకులోని నీళ్లు ముందు ఆవిరైపోతాయి. వాటి వెనకే గ్లిజరిన్, గ్లైకాల్‌లు లేచి, ఓవెన్ బయటి చల్లగాలి తగలగానే సన్నటి జిడ్డు తుంపరగా మారతాయి. గొంతు గరగర, కళ్లమంట, తలనొప్పి ఎక్కువగా దీనివల్లే. గోడల మీద, ప్రింటర్ రైలు మీద నాలుగు వారాల్లో పేరుకునే జిగట కూడా ఇదే.

వేడి అదుపు తప్పితే సంగతి మారిపోతుంది. డీటీఎఫ్ పౌడర్‌లలో ఎక్కువ భాగం టీపీయూ, అంటే వేడికి కరిగే పాలియురెథేన్. 100 నుంచి 120 డిగ్రీల మధ్య అది కరుగుతుంది. 200 డిగ్రీల చుట్టుపక్కలకు చేరితే దాని రసాయన బంధాలు విడిపోవడం మొదలై ఐసోసైనేట్‌లు అనే రసాయనాలు బయటికి రావచ్చు. పనిచోట వచ్చే ఉబ్బసానికి బాగా తెలిసిన కారణాల్లో ఇవి ఒకటి. ఒకసారి ఒంటికి పడకుండా పోయాయంటే ఆ తర్వాత చాలా కొద్ది మోతాదు కూడా ఆయాసం తెప్పిస్తుంది. గ్లిజరిన్ బాగా మాడితే ఆక్రోలిన్ అనే ఘాటైన, ఊపిరితిత్తులను మండించే వాయువు వస్తుంది.

డిస్‌ప్లే మీద 120 అని ఉంది కదా, మరి 200 ఎక్కడిది అనిపించవచ్చు. ఆ అంకె సెన్సర్ ఉన్నచోట గాలి వేడి మాత్రమే. హీటర్ గొట్టాల ఒళ్లు అంతకంటే చాలా ఎక్కువ వేడిగా ఉంటుంది. ఫిల్మ్ అంచు నుంచి రాలిన పౌడర్ వాటి మీద పడితే అక్కడికక్కడే మాడుతుంది. పొగ తెలుపు నుంచి నీలం కలిసిన బూడిదరంగుకు మారి, ముక్కుకు ఘాటు తగిలితే అదే జరుగుతోందని లెక్క. వెంటనే హీటర్ ఆపాలి, ఎగ్జాస్ట్ మాత్రం ఆపకూడదు. చల్లారాక లోపల శుభ్రం చేయాలి.

నాలుగు దారులు

మొదటిది, బయట ప్రింట్ చేయించిన ఫిల్మ్ తెచ్చుకుని మీ దగ్గర ప్రెస్ మాత్రమే చేయడం. పౌడర్ లేదు, క్యూరింగ్ (వేడితో ఇంకు ఆరబెట్టి పౌడర్ కరిగించడం) లేదు, తెల్ల ఇంకు గొడవ లేదు. ఇంట్లో, పిల్లలు పడుకునే గది పక్కన పని చేసేవాళ్లకు మేం నిస్సంకోచంగా చెప్పేది ఇదే. ఆర్డర్లు రోజూ ఉండనివాళ్లకూ ఇదే మేలు. తెల్ల ఇంకులోని టైటానియం డయాక్సైడ్ బరువైనది, కదలిక లేకపోతే అడుగుకు దిగిపోతుంది, హెడ్ మూసుకుపోతుంది. వారానికి రెండు రోజులు నడిచే మెషీన్ ఆరోగ్యానికీ నష్టమే, జేబుకూ నష్టమే. ఈ దారిలో లోటు ఒక్కటే: ఫిల్మ్ సరిగ్గా క్యూర్ అయిందో లేదో మీ చేతిలో ఉండదు. వచ్చిన ప్రతి లాట్‌లో ఒక ముక్క తీసి పౌడర్ వైపు వేలితో రుద్దండి. తెల్లగా పొడి రాలినా, వేలికి తడి జిడ్డు అంటినా వెనక్కి పంపండి.

రెండోది, చేత్తో పౌడర్ చల్లి, చిన్న ఓవెన్‌లోనో, తెరిచిన హీట్ ప్రెస్ కిందనో కరిగించడం. పెట్టుబడి అన్నిటికంటే తక్కువ, గాలికి అన్నిటికంటే చెడ్డ. ప్రెస్ పలకను 150, 160 డిగ్రీలకు పెట్టి, ఫిల్మ్‌కు తగలకుండా కొద్ది మిల్లీమీటర్ల ఎత్తున రెండు మూడు నిమిషాలు ఉంచుతారు. ఆ రెండు మూడు నిమిషాలూ మనిషి పక్కనే నిలబడి వంగి చూస్తుంటాడు, పొగ సూటిగా ముఖానికే వస్తుంది. ప్రెస్‌కు ఎగ్జాస్ట్ బిగించే చోటు కూడా ఉండదు. ఈ దారే తప్పదనుకుంటే రెండు పనులు చేయండి. పౌడర్‌ను పళ్లెంలో కుమ్మరించి ఊపడం మానేసి, మూత ఉన్న లోతైన పెట్టెలో ఫిల్మ్ పెట్టి, మూత వేశాకే కదపండి. దుమ్ము అణగడానికి ఒక నిమిషం ఆగి మూత తీయండి. కరిగించడానికి పైన పొగగొట్టం బిగించే వీలున్న, తలుపు మూసే క్యూరింగ్ ఓవెన్ కొనండి. వంటకు వాడే ఓవెన్‌ను దీనికి వాడకూడదు. ఒకసారి వాడితే మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

మూడోది, ఆటోమేటిక్ షేకర్. ప్రింటర్ నుంచి వచ్చే ఫిల్మ్ మీద పౌడర్ పడడం, దులపడం, ఓవెన్‌లో కరగడం అన్నీ మూతల లోపలే జరిగిపోతాయి. రోజూ పని ఉన్నవాళ్లకు సరైనది ఇదే. కొనేటప్పుడు మూడు అడగండి. దులిపే భాగానికి నిజంగా మూత ఉందా, లేక పైన తెరిచి ఉందా? పొగ బయటికి వచ్చే గొట్టం ఓవెన్ రెండు చివర్లనూ లాగుతుందా? ఫిల్మ్ చిక్కుకుని ఆగిపోతే హీటర్ తనంతట తానే ఆగుతుందా? మూడోదానికి లేదని జవాబు వస్తే ఆ మెషీన్‌ను ఎవరూ లేకుండా ఐదు నిమిషాలు కూడా వదలకూడదు. అగ్గి పుట్టే దారి అదే: కదలని ఫిల్మ్, కదలని వేడి, కింద పేరుకున్న పౌడర్.

నాలుగోది, పౌడర్ అక్కర్లేని ఫిల్మ్. జిగురు ముందే ఫిల్మ్ పూతలో ఉంటుంది. దుమ్ము పూర్తిగా పోతుంది, అది చిన్న లాభం కాదు. అయితే పొగ పోదు. ఇంకు అదే నీటి ఇంకు, అందులో గ్లైకాల్‌లు అవే, ఆరబెట్టడం తప్పదు. ‘పౌడర్ లేదు కాబట్టి ఎగ్జాస్ట్ అక్కర్లేదు’ అన్న అమ్మకం మాట నమ్మకండి. మీ బట్టల మీద ఉతుకుకు ఎంత ఆగుతుందో నమూనాలు తెప్పించి చూసుకున్నాకే మారండి.

మధ్యలో ఒక మాట. యూవీ డీటీఎఫ్ అన్న పేరు చూసి ఇదే కుటుంబం అనుకునేవాళ్లున్నారు. అది గాజు, ప్లాస్టిక్, లోహం లాంటి గట్టి వస్తువులకు. దాని ఇంకులో ఉండే ఆక్రిలేట్‌లు గట్టిపడకముందు చర్మానికి తగిలితే అలర్జీ మొదలై జీవితాంతం ఉండిపోవచ్చు. దాని జాగ్రత్తలు వేరు, బట్టకు అది పనికిరాదు.

బయటికి పంపాలా, ఫిల్టర్ పెట్టాలా

వీలుంటే బయటికి పంపడమే మేలు. గొట్టం గోడ దాటితే పొగ పోయినట్టే, ఏ ఫిల్టరూ నిండదు. కానీ గొట్టం పెట్టిన ప్రతిచోటా పొగ పోవడం లేదు. కారణం దాదాపు ఎప్పుడూ దూరమే.

ఒక లెక్క చూడండి. 150 మిల్లీమీటర్ల గొట్టం, గంటకు 400 ఘనపు మీటర్ల గాలి లాగే ఫ్యాన్. గొట్టం మూతి దగ్గర గాలి సెకనుకు 6.3 మీటర్ల వేగంతో పోతుంది. మూతికి 15 సెంటీమీటర్ల ఎడంలో అది సుమారు 0.45కు పడిపోతుంది. 30 సెంటీమీటర్ల ఎడంలో 0.12 మాత్రమే, అంటే మనిషి పక్కనుంచి నడిచి వెళ్తే పొగ అటే తిరుగుతుంది. దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతు. పెద్ద ఫ్యాన్ కొనేకంటే గొట్టాన్ని ఒక జానెడు దగ్గరికి జరపడం ఎక్కువ పని చేస్తుంది. ఓవెన్‌కే గొట్టం బిగించగలిగితే ఇంకా మంచిది. గదికి ఎదురు గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ దీనికి బదులు కాదు. అది పొగను మనిషి ముఖం మీదుగానే లాగుతుంది.

పరీక్ష చేయడం తేలిక. పల్చటి టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పు చీలికగా చించి, పై అంచు పట్టుకుని ఓవెన్ నోటి దగ్గర వేలాడదీయండి. కింది కొస లోపలికి వంగి అలాగే నిలిస్తే లాగుడు ఉంది. రెపరెపలాడుతూ అటూ ఇటూ ఊగితే లేదు. బయటికి తిరిగితే లోపలి వేడిగాలి గదిలోకి వస్తోందన్నమాట. మంటతోనో పొగతోనో చూడకండి, పౌడర్ ఉన్నచోట నిప్పు వద్దు.

గంటకు 400 ఘనపు మీటర్లు బయటికి పోతుంటే అంతే గాలి లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో ఫ్యాన్ హోరు తప్ప ఏమీ జరగదు. గాలి వచ్చే సందు మనిషి వెనక ఉండాలి, పోయే దారి మెషీన్ వెనక ఉండాలి. స్ప్లిట్ ఏసీ చల్లబరుస్తుందే తప్ప కొత్త గాలి తీసుకురాదు, ఉన్న పొగనే గది అంతా తిప్పుతుంది. గొట్టం మెషీన్ వైపు కాకుండా బయటి వైపు వాలి ఉండాలి, లేకపోతే లోపల చల్లారిన జిడ్డు వెనక్కి కారి ఫిల్మ్ మీద, ఒక్కోసారి హీటర్ మీద పడుతుంది. అత్యంత కింది చోట జిడ్డు పట్టే గిన్నె పెట్టి వారానికోసారి ఖాళీ చేయండి. ముడతల అల్యూమినియం గొట్టం చవక, కానీ ప్రతి ముడతలోనూ జిడ్డు నిలుస్తుంది. నున్నటి లోహపు గొట్టం వేసుకోండి.

పక్కింటి కిటికీ ఎదురుగా ఉన్నా, గోడకు కన్నం వేసే వీలు లేకపోయినా ఫిల్టర్ యూనిట్ తప్పదు. అందులో మూడు దశలు విడిగా ఉండాలి: ముందు జిడ్డు తుంపర పట్టే జాలి, తర్వాత సన్నటి రేణువులు పట్టే హెపా ఫిల్టర్, చివర ఆవిరిని పీల్చే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్. జాలి లేకుండా హెపా పెట్టినవాటిలో హెపా జిడ్డుకు తడిసి కొద్ది వారాల్లోనే మూసుకుపోతుంది. హెపా సన్నటి రేణువులను, తుంపరను పడుతుంది గానీ ఆవిరిని పట్టదు. ఆవిరిని పట్టేది కార్బనే. అది నిండిపోయినా బయటికి ఏ గుర్తూ కనబడదు, వాసన రావడమే గుర్తు. ఓవెన్ నోటి నుంచి పొగ కారడం మొదలైతే ముందు దశల ఫిల్టర్‌లు నిండినట్టు. కొనేముందు మార్చుకునే ఫిల్టర్‌ల ధర, అవి ఎన్ని గంటలు నడుస్తాయో అడగండి. యూనిట్ ధర కంటే ఆ ఖర్చే ఎక్కువ కాలం మీ వెంట ఉంటుంది.

పౌడర్ సైజు

సన్నం 0 నుంచి 80 మైక్రాన్‌లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), మధ్యరకం 80 నుంచి 170, ముతక 150 నుంచి 250 అని అమ్ముతారు. సన్నపు పౌడర్‌తో చిన్న అక్షరాలు శుభ్రంగా వస్తాయి, ప్రింట్ మెత్తగా ఉంటుంది. కానీ 100 మైక్రాన్‌ల లోపు రేణువులు ముక్కూ నోటి గుండా లోపలికి పోగలవు, 10 కంటే చిన్నవి ఊపిరితిత్తుల దాకా దిగుతాయి. సన్నం సంచిలో ఆ చిన్నవి ఎక్కువ. ముతక పౌడర్ గాల్లో తేలదు, దళసరి బట్టకు గట్టిగా పడుతుంది, ప్రింట్ మాత్రం అట్టలా ఉంటుంది. చేత్తో చల్లేవాళ్లు సన్నం జోలికి పోవద్దని మా సలహా. మధ్యరకంతో తొంభై పాళ్లు పని నడుస్తుంది. పాలిస్టర్ రంగు పైకి ఎక్కకుండా నల్ల పౌడర్ వాడేవాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

గాలి పొడిగా ఉంటే స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పెరిగి పౌడర్ ప్రింట్ లేనిచోట కూడా అంటుకుంటుంది. దాన్ని దులపడానికి ఇంకా కొడతారు, ఇంకా దుమ్ము లేస్తుంది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచితే సగం కొట్టుడు తగ్గుతుంది. మెషీన్ ఎర్తింగ్ సరిగ్గా ఉందో కూడా చూడండి. ఎంత దుమ్ము లేస్తోందో తెలియాలంటే పొద్దున ఒక నల్లటి అట్టను మెషీన్‌కు మీటరు దూరంలో పెట్టి సాయంత్రం వేలితో గీయండి. గీత కనబడితే ఆ దుమ్ము మనిషి ముక్కులోకీ పోతోంది.

రాలిన పౌడర్‌ను చీపురుతో ఊడవొద్దు, కంప్రెసర్ గాలితో అసలే ఊదొద్దు. గాల్లో దట్టంగా లేచిన సన్నటి ప్లాస్టిక్ పొడికి నిప్పురవ్వ తగిలితే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ సన్నపు రేణువులను వెనకనుంచి గదిలోకే వదులుతుంది, దాని మోటార్‌లో రవ్వలు లేస్తాయి. మండే దుమ్ముకు తగినదని రాసి ఉన్న హెపా వాక్యూమ్ కొనండి, అది లేని రోజు తడిగుడ్డతో తుడవండి. తుడిచిన నీళ్లను కాలువలో పోయకండి. టీపీయూ నీళ్లలో కరగదు, ప్లాస్టిక్‌గానే నదికి చేరుతుంది.

మాస్క్, గ్లవ్స్, ప్రెస్

ఎన్95, ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్క్‌లు పౌడర్‌కు సరిపోతాయి, ఆవిరికి సరిపోవు. గుడ్డ మాస్క్‌లు రెంటికీ పనికిరావు. ఓవెన్ లోపల శుభ్రం చేసేటప్పుడు, నిండిన ఫిల్టర్‌లు మార్చేటప్పుడు రేణువులనూ ఆర్గానిక్ ఆవిరినీ పట్టే కార్ట్రిడ్జ్‌లున్న సగం ముఖం మాస్క్ కావాలి. గడ్డం ఉంటే ఏ మాస్కూ ముఖానికి అతకదు. చేతులకు నైట్రైల్ గ్లవ్స్. హెడ్‌లోకి సిరంజితో ద్రవం నెట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. గట్టిగా నొక్కితే గొట్టం ఊడి తెల్ల ఇంకు సూటిగా ముఖానికి చిమ్ముతుంది.

క్లీనింగ్ ద్రవాల్లో నీటి ఆధారితమైనవాటినే ఎంచుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల వేడిలోనే అంటుకోగలదు. వేడి ఓవెన్ ఉన్న గదిలో దాని సీసా తెరిచి పెట్టుకోకూడదు.

ప్రెస్‌లలో నోరు తెరిచే క్లామ్‌షెల్ చిన్న చోటులో సరిపోతుంది, కానీ బట్ట సర్దేటప్పుడు వేడి పలక చేతి మీదే వేలాడుతుంది. మణికట్టు వెనక కాలిన మచ్చలు దానివే. పక్కకు తిరిగే స్వింగ్ రకంలో వేడి పూర్తిగా తొలగుతుంది. చోటుంటే అదే తీసుకోండి, అది తిరిగే వైపు ఎవరూ నిలబడకుండా నేల మీద గీత గీయండి. గాలితో నడిచే ప్రెస్ అయితే రెండు చేతులతో రెండు బటన్‌లు నొక్కితేనే దిగేదే కొనండి. పలక వేడిని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిస్తే, పూత లేని మెరిసే అల్యూమినియం మీద అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. పలకకు తాకించే ప్రోబ్ నమ్మండి. రెండు మూడు కిలోవాట్‌లు లాగే ఓవెన్‌నూ ప్రెస్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకండి.

తొడుక్కునేవాళ్ల వైపు నుంచి

అమ్మేవాళ్లు ‘సర్టిఫైడ్’ అంటే ఏది అని అడగండి. హానికర రసాయనాలు ఉన్నాయేమో పరీక్షించి ఇచ్చే ఓకో-టెక్స్ ధ్రువపత్రాల్లో స్టాండర్డ్ 100 బట్టకు, దారానికి ఇచ్చేది. ఇంకు, పౌడర్ లాంటి రసాయనాలకు ఇచ్చేది ఓకో-టెక్స్ ఎకో పాస్‌పోర్ట్. మూడేళ్ల లోపు పిల్లల బట్టలు స్టాండర్డ్ 100లో మొదటి తరగతి, అన్నిటికంటే కఠినమైనది. ఇంకుకు మాత్రమే కాగితం ఉండి పౌడర్‌కు లేకపోతే అది సగం కాగితమే, ఎందుకంటే ప్రింట్‌లో చర్మానికి ఆనే ఆ దళసరి పొరలో పెద్ద భాగం పౌడరే. కాగితం మీది ఉత్పత్తి పేరు, సీసా మీది పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి, గడువు చూడాలి. ఆ రసాయనంతో వచ్చే ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే 16 భాగాల సేఫ్టీ డేటా షీట్ కూడా అడగండి. ఎనిమిదో భాగం మాస్క్, గ్లవ్స్ సంగతి చెబుతుంది, పదోది వేడికి ఏం విడుదలవుతుందో చెబుతుంది. షీట్ ఇవ్వలేని చోట పౌడర్ కొనొద్దు.

అమెరికాకు పంపే పిల్లల సరుకులో సీసం 100 పీపీఎం (పది లక్షల్లో వంద పాళ్లు) దాటకూడదు, గీకితే ఊడే పైపూతలో 90 పీపీఎం. అక్కడ పిల్లల నిద్ర దుస్తులకు మంట పరీక్ష వేరుగా ఉంది. అలాంటి దుస్తుల మీద పెద్ద ప్రింట్ వేసేముందు ప్రింట్‌తో సహా పరీక్ష చేయించాలి. ఉత్త బట్ట పాసైన కాగితం చాలదు.

పసిపిల్లల బట్టల మీద ప్రింట్ చిన్నదిగా, విడివిడి ముక్కలుగా ఉండాలి. ఛాతీ అంతా నిండే ఒకే పలక వేస్తే ఆ మేర గాలి ఆడదు, చెమట పడుతుంది, ఒరిపిడికి దద్దుర్లు వస్తాయి. క్యూరింగ్ సరిగ్గా లేని ప్రింట్‌లో గ్లైకాల్ కొంత మిగిలిపోయి జిడ్డుగా అంటుతుంది, ఉతికితే పగుళ్లు పడుతుంది. 110 నుంచి 130 డిగ్రీల్లో రెండు మూడు నిమిషాలు, పౌడర్ పంచదార పలుకులా ఉన్న దశ దాటి, నారింజ తొక్కలా చిన్న గుంటలతో మెరుస్తున్నప్పుడు తీయాలి. పసుపుపచ్చగా మారితే ఎక్కువైంది. ప్రెస్ చేశాక ఒక రోజు ఆగి, తెల్లటి నూలుగుడ్డను ఒకసారి పొడిగా, ఒకసారి తడిపి పదిసార్లు గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ లాట్ పిల్లలకు వద్దు.

డీటీఎఫ్ వేయకూడని బట్టలూ ఉన్నాయి. మంటకు తట్టుకునే పనిబట్టల మీద టీపీయూ ప్రింట్ వేస్తే ఆ చోట కరిగి చర్మానికి అతుక్కునే ప్లాస్టిక్ పొర చేర్చినట్టే. వెల్డింగ్, విద్యుత్ పనివాళ్ల చొక్కాలకు దారంతో కుట్టే లోగో కూడా మంట తట్టుకునే దారంతోనే కుట్టాలి. దూరానికి కనబడే మెరుపు జాకెట్లది మరో చిక్కు. ఇలాంటి దుస్తులకు ఉన్న ఈఎన్ ఐఎస్‌ఓ 20471 ప్రమాణం ప్రకారం రెండో తరగతి జాకెట్‌లో మెరుపు రంగు గుడ్డ కనీసం 0.50 చదరపు మీటర్లు, మూడో తరగతిలో 0.80 చదరపు మీటర్లు కనబడాలి. వీపు మీద అడుగు వెడల్పున కంపెనీ పేరు వేస్తే ఆ లెక్కలోంచి అంత పోతుంది. ఆర్డర్ తీసుకునేముందు జాకెట్ తయారీదారును ఎంత మేర ప్రింట్ వేయవచ్చో రాతపూర్వకంగా అడగండి. వెలుతురు పడితే మెరిసే పట్టీల మీద మాత్రం అంగుళం కూడా వేయకండి.